కొకైన్ పూర్తిగా మానకపోయినా, తగ్గితే మేలుందా?

మత్తు అలవాటున్న కుర్రాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకొచ్చిన ఇంట్లోవాళ్లు, గుంటూరైనా విజయవాడైనా, రెండోసారి వచ్చినప్పుడు అడిగే ప్రశ్న ఒకటే: "మానేశాడా అండీ, లేదా?" నెలకు ఇరవై రోజులు వాడేవాడు ఇప్పుడు మూడు రోజులకు దిగాడని డాక్టరు చెబితే వాళ్ల ముఖాలు వాడిపోతాయి. "అయితే మానలేదన్నమాట" అంటారు. కుర్రాడు పక్కనే కూర్చుని ఆ మాట వింటాడు. చాలాసార్లు మూడో విజిట్‌కు రాడు.

అదే ఇంట్లో నాన్నగారి షుగర్ 320 నుంచి 180కి దిగిందనుకోండి. "ఇంకా తగ్గలేదు, ఈ వైద్యం దండగ" అని ఎవరూ అనరు. దారిలో పడిందని సంతోషిస్తారు, మందులు కొనసాగిస్తారు, వచ్చే నెల మళ్లీ చూపిస్తారు. మత్తు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సున్నా అయితేనే గెలుపు, మిగతాదంతా ఓటమి. ఈ లెక్క మన ఇళ్లకే పరిమితం కాదు. కొకైన్ చికిత్సల మీద పరిశోధనలు కూడా చాలా ఏళ్లపాటు ఇదే కొలబద్దతో నడిచాయి. రోగి పూర్తిగా మానితే చికిత్స పనిచేసినట్టు, లేకపోతే లేనట్టు. ఆ కొలబద్ద తప్పని, దానివల్ల చికిత్సలో నిలబడాల్సిన మనుషులు దూరమవుతున్నారని ఇప్పుడు గట్టి ఆధారాలే ఉన్నాయి.

అమెరికాలో 2001 నుంచి 2017 వరకు జరిగిన 13 క్లినికల్ ట్రయల్స్ సమాచారాన్ని ఒకచోట చేర్చి చేసిన విశ్లేషణ 2024 జనవరిలో వెలువడింది. కొకైన్ లేదా మెథాంఫెటమైన్ (కొకైన్ లాగే హుషారెక్కించే ఇంకో మత్తు) అలవాటుతో చికిత్స కోసం వచ్చిన 2,000 మందికి పైగా అందులో ఉన్నారు. పూర్తిగా మానేసినవాళ్లు 14 శాతం. ఎక్కువ వాడకం నుంచి నెలకు 1 నుంచి 4 రోజులకు దిగినవాళ్లు 18 శాతం. పాత లెక్క ప్రకారం ఈ 18 శాతం మంది ఫెయిల్. కానీ వాళ్ల పరిస్థితి చూస్తే, ట్రయల్ మొదట్లో ఉన్నదానితో పోల్చితే మత్తు కావాలనే తహతహ 60 శాతం, దానికోసం వెంపర్లాడటం 41 శాతం, డిప్రెషన్ తీవ్రత 40 శాతం తగ్గాయి. అందరికంటే బాగా కోలుకున్నది పూర్తిగా మానినవాళ్లే, అందులో సందేహం లేదు. అయితే తగ్గించినవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వాడకం తగ్గడం వల్ల డిప్రెషన్ తగ్గిందా, డిప్రెషన్ తగ్గినందువల్ల వాడకం తగ్గిందా అన్నది ఇలాంటి లెక్కలు తేల్చలేవు. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ వస్తాయనుకోవడమే సబబు. అయినా ఈ ఆధారాల బలం చిన్నది కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 అక్టోబరులో విడుదల చేసిన ముసాయిదా మార్గదర్శకాల్లో, ఈ రకం మత్తుకు కొత్త మందులు పరీక్షించేటప్పుడు పూర్తిగా మానడాన్నే కాక వాడకం తగ్గడాన్నీ ఫలితంగా చూడవచ్చని చెప్పింది.

ఇంతకీ విజయవాడలో కొకైన్ గురించి మాట్లాడటం ఎందుకు? ఇక్కడ మత్తు అనగానే అందరికీ గుర్తొచ్చేది గంజాయే. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లలో గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్లు 2.8 శాతమైతే కొకైన్ వాడేవాళ్లు 0.10 శాతమే, సుమారు 10.7 లక్షల మంది. ఖరీదైన మత్తు కాబట్టి చేతిలో డబ్బున్నవాళ్లకే ఎక్కువగా అంటుతుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం, అక్కడి వీకెండ్ పార్టీలో మొదలైన అలవాటు, పండక్కి ఊరొచ్చినప్పుడు ఇంట్లో బయటపడిన సంగతి. ఇలాంటి ఇల్లు పరువు కోసం విషయాన్ని దాచుకుంటుంది కాబట్టి రోగి డీ-అడిక్షన్ సెంటర్ కంటే ముందు గుండె డాక్టరు దగ్గరికే చేరే ప్రమాదముంది. సంఖ్య చిన్నదే, దాచిపెట్టడం వల్ల కలిగే నష్టం మాత్రం చిన్నది కాదు.

అసలు దెబ్బ పడేది గుండె మీద

కొకైన్ శరీరంలోకి వెళ్లగానే నరాల చివర డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు తిరిగి లోపలికి వెళ్లే దారి మూసేస్తుంది. డోపమైన్ పేరుకుపోవడం వల్ల ఆ హుషారు. నార్‌ఎపినెఫ్రిన్ పేరుకుపోవడం వల్ల గుండె వేగం పెరుగుతుంది, బీపీ పైకెళ్తుంది. అంటే గుండె కండరానికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. సరిగ్గా అదే సమయంలో ఆ కండరానికి రక్తాన్నిచ్చే కరోనరీ ధమనులు ముడుచుకుపోతాయి. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకునే గుణం పెరిగి గడ్డ కట్టడం తేలికవుతుంది. అవసరం పెరిగి, సరఫరా తగ్గి, పైపులో అడ్డు కూడా పడే పరిస్థితి. 1999లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం కొకైన్ తీసుకున్న మొదటి గంటలో గుండెపోటు ప్రమాదం దాదాపు 24 రెట్లు పెరుగుతుంది. ఆ తర్వాత వేగంగా తగ్గుతుంది.

ఆ గంట మాటను కాసేపు పట్టుకోవాలి. తగ్గించడం వల్ల మేలు ఎలా వస్తుందో అది చెబుతుంది. నెలకు ఇరవై రోజులు, రోజుకు రెండుసార్లు వాడేవాడి జీవితంలో అలాంటి ప్రమాదకరమైన గంటలు నెలకు నలభై. నెలకు మూడు రోజులకు దిగితే ఆరు. ప్రతి గంటా ఒక జూదం అనుకుంటే ముప్పై నాలుగు జూదాలు తప్పాయి. మిగిలిన ఆరు మాత్రం అలాగే ఉన్నాయి, ప్రతిదానిలోనూ ప్రాణం పోయే అవకాశం ఉంది. ఇరవై అయిదేళ్లవాడికి, ఏ గుండె జబ్బూ లేనివాడికి, మొదటిసారి వాడినప్పుడే గుండెపోటు వచ్చిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. కాబట్టి తగ్గింది అంటే సేఫ్ అయ్యింది అని కాదు. ప్రమాదం తక్కువసార్లు తలుపు తడుతోందని మాత్రమే.

ఈ గంటల లెక్కకు తోడు నిదానంగా జరిగే నష్టం ఒకటుంది. కొకైన్ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర దెబ్బతింటే ఎండోథెలిన్-1 అనే పదార్థం రక్తంలో పెరుగుతుంది, అది నాళాల్ని ఇంకా ముడుచుకునేలా చేస్తుంది. 2015లో ఆఫ్రికన్ అమెరికన్లపై జరిగిన ఒక ప్రాథమిక అధ్యయనంలో కొకైన్ మానినవాళ్లతోపాటు తగ్గించినవాళ్లలో కూడా ఎండోథెలిన్-1 తగ్గినట్టు కనిపించింది. చిన్న అధ్యయనమే కాబట్టి దాన్నిబట్టి పెద్ద మాటలు చెప్పకూడదు. కానీ రక్తనాళం దెబ్బ కొంతవరకు వెనక్కి మళ్లగలదనే సూచన, అదీ పూర్తిగా మానకముందే, రోగికి చెప్పదగిన మంచి వార్త.

మద్యం తాగుతూ కొకైన్ వాడితే ఇంకో చిక్కు. లివర్‌లో ఈ రెండూ కలిసి కోకాఎథిలిన్ అనే మూడో పదార్థం తయారవుతుంది. అది కొకైన్ కంటే ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది, గుండెకు ఇంకా చేటు. పార్టీల్లో ఈ రెండూ ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, కొకైన్ ఇంకా మానలేని మనిషి ముందు మద్యంతో కలపడం ఆపినా గుండె మీద భారం కొంత దిగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట క్యాజువాలిటీ గదికి సంబంధించింది. గుండె నొప్పితో వచ్చిన కుర్రాడి పక్కన నాన్న నిలబడి ఉంటాడు. డాక్టరు "ఏమైనా అలవాట్లున్నాయా?" అంటే "అబ్బే, మావాడికేం లేవండీ" అని తండ్రి చెప్పేస్తాడు, కుర్రాడు తల దించుకుంటాడు. కొకైన్ వల్ల వచ్చిన గుండె నొప్పికి వైద్యం కాస్త వేరు. మామూలుగా గుండె నొప్పిలో వాడే బీటా బ్లాకర్ మందుల విషయంలో ఇక్కడ జాగ్రత్త అవసరం, ముందుగా బెంజోడయజిపైన్ లాంటి శాంతపరిచే మందులు వాడతారు. ఆ ఒక్క నిజం దాస్తే డాక్టరు చీకట్లో పనిచేస్తున్నట్టే. తండ్రిని కాసేపు బయటికి పంపి అడగడం డాక్టర్లకు అలవాటు కావాలి.

మిగతా మేళ్లు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. నిద్ర తిరిగొస్తుంది, ఆకలి పుడుతుంది, ముక్కుతో పీల్చేవాళ్లకు ముక్కు దూలం మీద పుండ్లు మానడం మొదలవుతుంది, అప్పులు ఆగుతాయి. మానిన మొదటి రోజుల్లో మాత్రం తారుమారుగా ఉంటుంది. విపరీతమైన నీరసం, దిగులు, కొందరిలో చనిపోవాలనే ఆలోచనలు కూడా వస్తాయి. ఆ రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలకూడదు.

మందుబిళ్ల లేని జబ్బు

హెరాయిన్ లాంటి మత్తుకు బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ ఉన్నాయి. సారాకు నాల్ట్రెక్సోన్ ఉంది. కొకైన్ అలవాటుకు ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఈరోజు వరకు ఒక్కటి కూడా లేదు. అందుకే ఇక్కడ ప్రవర్తన మార్చే చికిత్సలే ప్రధానం. వాటిలో కూడా అన్నీ సమానం కావు. 2021లో 157 అధ్యయనాలు, 15,842 మంది రోగుల సమాచారాన్ని కలిపి చూసిన విశ్లేషణలో, యూరిన్ టెస్ట్ నెగటివ్ వచ్చే అవకాశాన్ని స్పష్టంగా పెంచిన చికిత్స ఒక్కటే తేలింది. దాన్ని కంటింజెన్సీ మేనేజ్‌మెంట్ అంటారు. తెలుగులో చెప్పాలంటే, శాంపిల్ శుభ్రంగా ఉంటే అక్కడికక్కడే బహుమతి.

వారానికి రెండు మూడుసార్లు రోగి వచ్చి శాంపిల్ ఇస్తాడు. కొకైన్ రక్తంలో గంట గంటకూ కరిగిపోయినా, దాని నుంచి వచ్చే బెంజాయిల్‌ఎక్గొనిన్ మాత్రం మూత్రంలో రెండు నుంచి నాలుగు రోజులు ఉంటుంది కాబట్టి ఈ లెక్క. కప్పు వెచ్చగా ఉందో లేదో ముందు చూస్తారు, ఎవరిదో తెచ్చి పోయకుండా. తర్వాత స్ట్రిప్ ముంచుతారు. ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండు గీతలంటే పాజిటివ్. ఇక్కడ తిరగబడిన లెక్క, రెండు గీతలు పడితే నెగటివ్. స్ట్రిప్ సరిగా పనిచేస్తోందని చెప్పే కంట్రోల్ గీత ఎలాగూ పడుతుంది. రెండో గీత కోసం రోగి, కౌన్సెలర్ ఇద్దరూ ఆ చిన్న కిటికీ వైపే చూస్తూ కూర్చుంటారు. అది ఎంత మసకగా పడినా పడినట్టే లెక్క. గీత పడగానే కౌన్సెలర్ మొహమాటం లేకుండా మెచ్చుకుని బహుమతి చేతిలో పెట్టాలి. వచ్చే నెల ఇస్తామంటే పనిచేయదు, అప్పటికప్పుడు అందడమే ఈ చికిత్సలో మందు.

వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్ బృందం 1990ల మొదట్లో దీన్ని కొకైన్ రోగుల మీద ప్రయోగించింది. మొదటి శుభ్రమైన శాంపిల్‌కు 2.50 డాలర్ల వోచర్. తర్వాత వరుసగా వచ్చే ప్రతి శాంపిల్‌కు విలువ పెరుగుతుంది. ఒక్కటి పాజిటివ్ వస్తే మళ్లీ మొదటి మెట్టుకు. 1994లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో వోచర్లు అందుకున్నవాళ్లలో 75 శాతం మంది 24 వారాల చికిత్స పూర్తి చేశారు, వోచర్లు లేనివాళ్లలో 40 శాతమే. ఇది ఖర్చుతో కూడిన పని కాబట్టి నాన్సీ పెట్రీ అనే పరిశోధకురాలు ఒక చవక మార్గం కనిపెట్టారు. గాజు గిన్నెలో 500 చీటీలు. 250 చీటీల మీద మెచ్చుకోలు మాట మాత్రమే ఉంటుంది. 209 చీటీలకు ఒక డాలరు బహుమతి, 40 చీటీలకు 20 డాలర్లది, ఒకే ఒక్క చీటీకి 100 డాలర్లది. శాంపిల్ శుభ్రంగా ఉంటే చీటీ తీయొచ్చు, వరుసగా శుభ్రంగా ఉంటే తీసే చీటీల సంఖ్య పెరుగుతుంది. ఆషాఢం సేల్స్‌లో విజయవాడ బట్టల షాపుల ముందు లక్కీ డిప్ డబ్బాలో చేయి పెట్టినవాళ్లకు ఆ ఉత్సాహం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. బస్ పాస్, మొబైల్ రీచార్జ్, టిఫిన్ టోకెన్, ఆ ఒక్క పెద్ద చీటీకి ఒక ప్రెషర్ కుక్కర్. ఇక్కడ నడపాలంటే ఇంతకు మించి హంగులు అక్కర్లేదు.

"తప్పు చేసినవాడికి బహుమతా?" అన్న కోపం సహజమే. అయితే బహుమతి అందేది మత్తు వాడినందుకు కాదు, వాడకుండా గడిపిన మూడు రోజులకు. కొకైన్ ఇచ్చే ఆనందం తక్షణం, ఆరోగ్యం ఇచ్చే ఫలం ఎప్పుడో. ఆ దూరాన్ని దాటడానికి అలవాటుపడ్డ మెదడుకు ఒక చిన్న వంతెన కావాలి. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రులు 2011 నుంచి ఈ పద్ధతిని అమలు చేస్తున్నాయి.

తగ్గడం అన్న మాటకు అర్థం కూడా ఇక్కడే కనిపిస్తుంది. ప్రతి శాంపిల్‌కూ జవాబు అవును, కాదు అనే రెండే. ఎంత వాడాడో స్ట్రిప్ చెప్పదు. కానీ 12 వారాల్లో 36 శాంపిల్స్ ఇచ్చిన మనిషికి 27 నెగటివ్ వస్తే, ఆ నిష్పత్తి చాలా చెబుతుంది. పాత లెక్కలో అతను ఫెయిల్. వైద్యపరంగా చూస్తే మూడు వంతులు బయటపడ్డవాడు.

దీనికి జోడుగా నడిచేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. పేరు పెద్దది గానీ పని మాత్రం కాగితం, పెన్నుతో జరుగుతుంది. ఉదాహరణకు, వాడకం దాకా తీసుకెళ్లే సంఘటనల గొలుసు ఒకటి ఊహించి చూద్దాం. ఒకటో తారీఖు, జీతం పడింది. శనివారం సాయంత్రం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్రెండ్స్. రెండు పెగ్గులు. అందులో ఒకడు ఫోన్ తీసి "ఉందా?" అని మెసేజ్ పెట్టాడు. రాత్రి పదకొండున్నర, గుంటూరు తిరిగి వెళ్లాలనే ఆలోచనే లేదు. కౌన్సెలర్ ఇదంతా మెట్టు మెట్టుగా రాయించి, ఏ మెట్టు దగ్గర తెంపడం తేలికో రోగినే అడుగుతాడు. రాత్రి పదకొండున్నరకు "వద్దు" అనడం చాలా కష్టం. సాయంత్రం అయిదుకు గుంటూరు బ్రాడీపేటలో అక్కావాళ్లింటికి భోజనానికి వస్తానని మాటివ్వడం తేలిక. జీతం పడ్డ రోజే సగం అమ్మ ఖాతాకు పంపడం ఇంకా తేలిక. ఆ నంబర్ బ్లాక్ చేయడం, మందు పార్టీకి ఎగ్గొట్టడం, తహతహ వచ్చినప్పుడు బావకి ఫోన్ చేసి ఓ అరగంట మాట్లాడటం. ఆ తహతహ ఒక అలలా లేచి, చాలాసార్లు అరగంటలోపే దిగిపోతుంది. ఒకసారి అది దిగడం కళ్లారా చూసిన మనిషికి రెండోసారి భయం తగ్గుతుంది.

ఈ రెండు పద్ధతుల బలహీనతలు వేరు. బహుమతుల ప్రభావం అవి ఆగాక నెమ్మదిగా సన్నగిల్లుతుంది. కాగితం మీద నేర్చుకున్న నైపుణ్యం మొదట పెద్దగా పనిచేసినట్టు కనబడకపోయినా, చికిత్స ముగిశాక కూడా నిలుస్తుందని, కొన్నిసార్లు పెరుగుతుందని యేల్ విశ్వవిద్యాలయంలో కాథ్లీన్ కారల్ బృందం 1994లోనే గమనించింది. అందుకే ఒకటి తలుపు దగ్గరికి రప్పించడానికి, ఇంకొకటి లోపల నిలబెట్టడానికి కావాలి.

కొందరికి మాత్రం తగ్గించడం అనే మజిలీ సరిపోదు. ఇప్పటికే గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు, లేని గొంతులు వినిపించేవాళ్లు, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లు, వీళ్లకు లక్ష్యం మొదటి రోజు నుంచీ సున్నాయే. మిగతావాళ్లకు కూడా గమ్యం అదే. కాకపోతే దారి మధ్యలో ఉన్న మనిషిని వెనక్కి తోసేయకూడదు.

ఇక్కడ ఎవర్ని కలవాలి

విజయవాడ, గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. రెండూళ్ల మధ్య మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ-మానస్ 14416. కొకైన్ మానడం సారా మానడంలాగా ఫిట్స్‌తో ప్రాణం మీదికి తెచ్చేది కాదు కాబట్టి, చాలామందికి అడ్మిషన్ లేకుండా ఓపీలోనే చికిత్స నడుస్తుంది. నెలల తరబడి గదిలో పెట్టి తాళం వేసే కేంద్రాలకు వేలకు వేలు కట్టే ముందు ఇంట్లోవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. తాళం ఉన్నంతకాలం మత్తు దొరకదు నిజమే, కానీ శనివారం సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర ఏం చేయాలో తాళం నేర్పదు. గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మత్తు వాడకంతో ముడిపడిన మానసిక సమస్యలు కూడా ఆ చట్టం పరిధిలోకే వస్తాయి. రోగి వివరాలు గోప్యంగా ఉంచమని అడిగే హక్కు కూడా అదే చట్టం ఇచ్చింది.

పోలీసు కేసు భయం చాలామందిని ఆస్పత్రి గేటు దగ్గరే ఆపేస్తుంది. కొకైన్ వాడినందుకు మత్తుపదార్థాల నియంత్రణ చట్టమైన ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా పడొచ్చన్నది నిజమే. కానీ అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడకం కేసులోగానీ, కొద్దిపాటి మత్తు దొరికిన కేసులోగానీ చిక్కుకున్న అలవాటుపడ్డ మనిషి, తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చికిత్సకు చేరితే ఆ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. కొకైన్ విషయంలో కొద్దిపాటి అంటే 2 గ్రాముల లోపు.

ఇంట్లోవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటుంది. మెడికల్ షాపులోనో ఆన్‌లైన్‌లోనో స్ట్రిప్‌లు కొని, అర్ధరాత్రి కొడుకును లేపి "పోయ్ ఇందులో" అంటారు. ఆ టెస్టులో నెగటివ్ వచ్చినా ఎవరూ మెచ్చుకోరు, పాజిటివ్ వస్తే కొట్లాట. నాలుగు రోజుల్లో వాడు నీళ్లు కలపడం నేర్చుకుంటాడు. ఆ పని కౌన్సెలర్‌కు వదిలేసి, ఇంట్లోవాళ్లు చేయగలిగింది వేరే ఉంది. వారం చివర చీటీలో ఏం వచ్చిందో అడగొచ్చు. రీచార్జ్ వచ్చిందంటే ఆ ఫోన్ నుంచే అమ్మమ్మకు ఒక కాల్ చేయించొచ్చు. వచ్చే శనివారం సాయంత్రం అయిదింటికి ఎక్కడ ఉంటావని అడిగి, ఆ టైముకి తామూ అక్కడికి వెళ్లొచ్చు.